ఓపిక కాదు, కండరం

"ఓపిక లేదు" అని ఒక స్త్రీ అంటే మనకేం వినిపిస్తుంది? తెలుగులో ఓపిక అంటే ఒంట్లో సత్తువ, సహనం కూడా. ఆమె మొదటి అర్థంలో చెప్తుంది. ఇంట్లోవాళ్ళూ డాక్టర్లూ రెండో అర్థంలో వింటారు. తన శరీరం గురించి ఆమె ఇచ్చిన సాక్ష్యం ఆమె స్వభావం మీద తీర్పుగా మారిపోతుంది. మగవాడికి కండబలం ఉంటుందట, ఆడదానికి ఓపిక ఉంటుందట! మనకు కండరాలున్నాయనే గుర్తించని చోట ఆ కండరాలకు జబ్బు చేసిందంటే నమ్మేదెవరు?

నేనిది ఊరికే అడగటం లేదు. పీహెచ్‌డీ మూడో ఏట నాకు డెర్మటోమయోసైటిస్ వచ్చింది. మన రక్షణ వ్యవస్థే మన కండరాల మీదా చర్మం మీదా దాడి చేసే జబ్బు అది. దానికి పేరు దొరకడానికి పదకొండు నెలలు పట్టింది. ఈలోగా నాకు రాసిచ్చినవి ఐరన్ మాత్రలు, బి-కాంప్లెక్స్, నిద్రమాత్రలు, మొహం మీది మచ్చలు మంగు అని చెప్పి ఒక క్రీము. ఒక డాక్టరు నాతో కాకుండా మా అమ్మతో, "చదువు ఒత్తిడమ్మా, పెళ్ళి చేసెయ్యండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగాయని కాలేయం జబ్బనుకుని మూడు వారాలు పథ్యం పెట్టారు. ఆ ఎంజైములు కండరాల్లోంచి కూడా వస్తాయనీ, క్రియాటిన్ కైనేజ్ అనే మామూలు రక్తపరీక్ష చాలామందిలో దారి చూపిస్తుందనీ ఎవరికీ తట్టలేదు.

అసలు వాళ్ళు నన్ను అడగని ప్రశ్నలేమిటి? ఈ జబ్బులో సాధారణంగా ముందు దెబ్బతినేవి తుంటి, తొడ, భుజాల కండరాలు. రెండు వైపులా, వారాల్లోనో నెలల్లోనో బలహీనత ముదురుతుంది. నొప్పి ఉండొచ్చు, లేకపోవచ్చు. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేస్తున్నాయా? అటక మీది డబ్బా దించగలుగుతున్నావా? కింద కూర్చుంటే దేన్నీ పట్టుకోకుండా లేవగలుగుతున్నావా? బస్సు మెట్టు ఎక్కగలుగుతున్నావా? ముద్ద మింగుడు పడుతోందా? వైద్యశాస్త్రం వెతికే లక్షణాలు ఆడవాళ్ళ రోజువారీ పనిలోనే ఉన్నాయి. కానీ "మీరేం చేస్తుంటారు?" అని డాక్టరు అడిగితే "ఇంట్లోనే ఉంటుందండీ" అని పక్కనున్న భర్త జవాబు చెప్తాడు. విచారణ అక్కడితో అయిపోతుంది. ఇంటిపని పనే కానప్పుడు, ఆ పని చేయలేకపోవడం జబ్బెలా అవుతుంది? బద్ధకమవుతుంది. కోడలైతే వేషాలవుతాయి.

చర్మం సంగతీ అంతే. కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ళ కణుపుల మీద ఎర్రని దద్దులు ఈ జబ్బు గుర్తులని పుస్తకాలు చెప్తాయి. ఆ పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్లచర్మానివి. మన చర్మం మీద అవే మార్పులు ముదురు గోధుమరంగులోనో బూడిదరంగులోనో కనిపించవచ్చు. ఆడపిల్ల మొహం నల్లబడితే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది పెళ్ళి సంబంధం. స్టెరాయిడ్లు కలిసిన తెల్లబరిచే క్రీములు చీటీ లేకుండా దొరికే దేశం మనది. ఆ క్రీము కొన్నాళ్ళు మచ్చను మరుగుపరుస్తుంది, లోపల జబ్బు దాని పని అది చేసుకుపోతుంది.

ఈ ఆలస్యం ఖరీదు చిన్నది కాదు. డెర్మటోమయోసైటిస్ మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో దాదాపు రెండింతలు. అది ఊపిరితిత్తులకు పాకవచ్చు, మింగే కండరాలను పట్టవచ్చు. పెద్దవాళ్ళలో కొన్నిసార్లు దాని వెనక క్యాన్సర్ దాగి ఉంటుంది, అందుకే వెతకాలి. 'దంగల్' సినిమాలో చిన్నప్పటి బబితగా నటించిన సుహానీ భట్నాగర్ 2024 ఫిబ్రవరిలో ఈ జబ్బుతో 19 ఏళ్ళకే చనిపోయింది. 2022లో సమంత తనకు మయోసైటిస్ అని బయటపెట్టినప్పుడు చాలామంది తెలుగువాళ్ళు ఆ మాట మొదటిసారి విన్నారు. సానుభూతి కోసం చెప్తోందని అన్నవాళ్ళూ ఉన్నారు. అంత పేరున్న స్త్రీ మాటకే ఆ విలువైతే, మిరపతోటలో కూలికెళ్ళే ఆమె "చేతులు లేవట్లేదయ్యా" అంటే ఎవరు వింటారు? ఊళ్ళో డాక్టరు నొప్పికని స్టెరాయిడ్ సూది వేస్తాడు. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. అసలు జబ్బు మరుగున పడుతుంది. విచక్షణ లేకుండా అదే పనిగా వాడితే స్టెరాయిడే తొడ కండరాలను నీరసింపజేస్తుంది.

వైద్యం లేక కాదు. ఎమ్మారై, కండరం ముక్క పరీక్ష, యాంటీబాడీ పరీక్షలతో జబ్బును తేల్చుకోవచ్చు. తగిన మోతాదులో స్టెరాయిడ్లు, వాటితోపాటు మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్ లాంటి మందులు, లొంగకపోతే ఇమ్యునోగ్లోబులిన్, రిటుక్సిమాబ్ ఉన్నాయి. పర్యవేక్షణలో చేసే వ్యాయామం కూడా వైద్యంలో భాగమే. ఇవన్నీ రుమటాలజిస్టు దాకా చేరగలిగిన వాళ్ళకు. ఆ దారిలో నిలబడి ఉన్నవి దూరం, డబ్బు, అన్నిటికంటే ముందు అపనమ్మకం.

ఒళ్ళునొప్పులన్నీ మయోసైటిస్ కావు. థైరాయిడ్ లోపం, డి విటమిన్ లోపం, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు కూడా కండరాలను బాధిస్తాయి, ముందు వాటిని చూడాలి. ఫైబ్రోమయాల్జియాలో కండరాల్లో వాపు ఉండదు, ఎంజైములు పెరగవు. నాడీవ్యవస్థ నొప్పిని గ్రహించే తీరే మారిపోతుంది. ఒళ్ళంతా నొప్పి, తీరని అలసట, నిద్రపోయినా పోని బడలిక. దానికి స్టెరాయిడ్లు పనిచేయవు. క్రమంగా పెంచే వ్యాయామం, నిద్రను సరిచేయడం, కొందరికి అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ లాంటి మందులు ఉపయోగపడతాయి. నా జబ్బుకు ఎంజైముల అంకె సాక్ష్యం పలికింది. ఫైబ్రోమయాల్జియా ఉన్నామెకు తన మాట తప్ప సాక్ష్యం లేదు. "రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు" అని పంపించేస్తారు. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరిస్తూ, నొప్పి ఉందని చెప్పే మనిషి మాటను గౌరవించాలని స్పష్టంగా చేర్చింది. మన ఆసుపత్రుల్లోకి ఆ వాక్యం ఎప్పుడొస్తుందో!

డాక్టర్లను నిలదీసి ఊరుకుంటే సరిపోదు. స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకం తెచ్చిన ఉద్యమం మనది. అయినా మన సాహిత్యంలో శరీర రాజకీయాలు ఎక్కువగా గర్భసంచి చుట్టూ తిరిగాయి. నెలసరి, కాన్పు, గర్భస్రావం గురించి రాయడం అవసరమే, రాశాం. నాట్లు వేసే భుజం, అంట్లు తోమే చెయ్యి, మెట్లెక్కే తొడ ఎక్కడ? కథలో నడుంనొప్పి కనిపిస్తే చాలు, మన విమర్శ దాన్ని అణచివేతకు ప్రతీక చేసేస్తుంది. జబ్బును ప్రతీకగా మార్చడాన్ని సుసాన్ సొంటాగ్ 1978లోనే 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్'లో తప్పుపట్టింది. ఆమెను సెమినార్లలో ఉటంకిస్తాం, కథ చదివేటప్పుడు పక్కన పెడతాం. డాక్టరు "నొప్పి నీ మనసులో ఉంది" అంటాడు. విమర్శకురాలు "నొప్పి పితృస్వామ్యంలో ఉంది" అంటుంది. ఆమె తొడ కండరాన్ని ముట్టుకుని చూసినవాళ్ళు మాత్రం లేరు.

కనుక మనం అడగాల్సినవి అడుగుదాం. వైద్య విద్యార్థులకు నల్లని చర్మం మీది లక్షణాలు చూపించి నేర్పాలి. రోగి చరిత్రలో ఇంటిపనిని పనిగా రాయాలి. జిల్లా ఆసుపత్రిలో క్రియాటిన్ కైనేజ్ పరీక్ష అందుబాటులో ఉండాలి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు, కింద కూర్చుని లేవగలుగుతున్నావా, చేతులెత్తి తల దువ్వుకోగలుగుతున్నావా అని రెండు మాటలు అడగాలి. వాటికి యంత్రం అక్కర్లేదు. ఇక మనింట్లో ఎవరైనా ఓపిక లేదంటే, సర్దుకోమని చెప్పేముందు ఏ పని చేయలేకపోతున్నావని అడుగుదాం. ఆమె చెప్పే జవాబును నమ్ముదాం.