ఆంప్ కంటే ముందు వైరు చూడండి

వర్ని, బోధన్ దిక్కు మనోళ్లు కారులో ఆంప్లిఫైయర్ పెట్టిద్దామనుకుంటే అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్ని వాట్లు?" డబ్బా మీద 2000 అని ఉంటే బేరం కుదిరినట్టే. నన్నడిగితే ముందు అడగాల్సింది వేరే. "వైరు ఏది వేస్తున్నవ్ అన్నా? ఫ్యూజు ఎక్కడ పెడుతున్నవ్?"

ఆ 2000 సంగతి చూద్దాం. ఆంప్ పక్కన 30 ఆంపియర్ల ఫ్యూజులు రెండున్నాయనుకోండి, మొత్తం 60. ఇంజిన్ నడుస్తుంటే వోల్టేజ్ సుమారు 14. అంటే లోపలికి వెళ్లేదే 840 వాట్లు! క్లాస్ ఏబీ ఆంప్ అయితే అందులో సగం, మహా అయితే ఇంకొంచెం స్పీకర్లకు చేరుతుంది, మిగతాదంతా వేడి. డబ్బా మీది నంబరు వదిలేసి ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లు చూడండి.

ఇదే 60 ఆంపియర్లు బానెట్ నుంచి డిక్కీ దాకా పోవాలంటే 4 గేజ్ అసలు రాగి వైరు కావాలి. చవక కిట్లలో వచ్చేది చాలావరకు రాగి పూసిన అల్యూమినియం. బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. పైన ప్లాస్టిక్ మాత్రం బొటనవేలంత లావు!

"ఆంప్‌కే ఫ్యూజు ఉంది కదా, ఇంకోటెందుకు?" అంటారు. ఆ ఫ్యూజు కాపాడేది ఆంప్‌ని. వైరుని కాపాడేది బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు పెట్టే ఫ్యూజు. ఇంజిన్ వెనక రేకు రంధ్రంలోంచి వైరు లాగి రబ్బరు బుష్ వేయకపోతే, మన రోడ్ల కుదుపులకు అంచు రాసుకుని తోలు ఊడుతుంది. వైరు బాడీకి తగిలిన క్షణం బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేస్తుంది. డిక్కీలో ఉన్న ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు. కాలేది సీటు కింద కార్పెట్. ట్రాక్టర్ మీద బాక్సులు కట్టేవాళ్లకూ ఇదే లెక్క, అక్కడ కుదుపు ఇంకా ఎక్కువ.

గెయిన్ నాబ్ వాల్యూమ్ కాదు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టే సెట్టింగ్ అది. ఫుల్ తిప్పితే సౌండ్ చిరుగుతుంది, స్పీకర్ కాయిల్ మాడుతుంది. బాస్ బూస్ట్ సున్నాలో పెట్టి, స్పీకర్ వైర్లు తీసేసి, స్టీరియో ముప్పావు వాల్యూమ్‌లో 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వేయండి. 4 ఓమ్స్ సబ్‌వూఫర్‌కి 100 వాట్లు కావాలంటే, ఆంప్ అవుట్‌పుట్ దగ్గర మీటరు ఏసీలో 20 వోల్టులు చూపించగానే గెయిన్ ఆపేయాలి.

మీటరు లేకుండా చెవితోనే సెట్ చేస్తానంటే ఇంకో షాపు చూసుకోండి. నిజామాబాద్ ఎంత దూరమని!