ఎవరికి ఎవిడెంట్?

మొన్నో డిజైన్ రివ్యూలో కార్డు మిషను డబ్బా గురించి చర్చ. "స్క్రూల మీద హోలోగ్రామ్ స్టిక్కర్ వేశాం కదండీ, ఇంక ట్యాంపర్ ఎవిడెంటే" అన్నాడొకాయన. "ఎవరికండీ ఎవిడెంట్?" అనడిగాను. జవాబు లేదు. చెక్‌లిస్టులో టిక్కు మాత్రం పడింది.

నా గోలంతా ఇదే. ట్యాంపర్ ఎవిడెంట్ అంటే తెరవడానికి వీల్లేనిది కాదు, తెరిస్తే తెలిసిపోయేది. మా అమ్మమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టేది. గుడ్డా, తాడూ. ఎవరైనా విప్పొచ్చు. కానీ ముడి తనది, చూసుకునేదీ తనే. మేం విప్పి మళ్ళీ కడితే ఇట్టే పట్టేసేది. చూసే మనిషి లేకపోతే అది ఉత్త గుడ్డే! షాపులో మిషను మీది స్టిక్కర్ అసలు ఎలా ఉండాలో షాపువాడికి తెలుసా? పోనీ, మీకు తెలుసా?

2008లో కేంబ్రిడ్జ్‌లో సార్ డ్రైమర్, స్టీవెన్ మర్డాక్, రాస్ ఆండర్సన్ బ్రిటన్‌లో వాడే రెండు పిన్ మిషన్లని పరీక్షించారు. రెండూ సర్టిఫికెట్ ఉన్నవే. మూత తెరిస్తే లోపలి సెన్సర్లు పసిగడతాయి. వీళ్ళు మూత జోలికే పోలేదు. ఒకదానికి వెనకున్న సందులోంచి పేపర్ క్లిప్పు, రెండోదానికి చిన్న కన్నంలోంచి సూది. కార్డుకీ మిషనుకీ మధ్య నడిచే పిన్ను దొరికిపోయింది. కౌంటరు ముందు నించున్నవాడికి ఏమీ తెలీదు. డబ్బు పోయి బ్యాంకుకెళ్తే మాత్రం "మీ పిన్నే వాడారు, అజాగ్రత్త మీదే" అనే మాట. డిజైన్ తప్పుకి శిక్ష వాడేవాడికన్నమాట!

ఖరీదైన సీలు కావాలనడం లేదు నేను. మన ఈవీఎంకి వేసే పచ్చ సీలు ఉత్త కాగితమే. కానీ దాని మీద నంబరుంటుంది, పోలింగ్ ఏజెంట్లు సంతకాలు పెడతారు, నంబరు 17సి ఫారంలోకి ఎక్కుతుంది, లెక్కింపు రోజు సరిచూసుకోవచ్చు. ఆ కాగితానికి బలం ఆ తంతు వల్లే వచ్చింది. ఏజెంటు బద్ధకించి నంబరు చూసుకోకపోతే అదీ అలంకారమే.

కాబట్టి మహాశయులారా, డబ్బా మెకానికల్ వాళ్ళ గొడవ అని చేతులు దులుపుకోకండి. ఈసారి రివ్యూలో మూడు ప్రశ్నలడగండి. సీలుని ఎవరు చూస్తారు? దేంతో పోల్చి చూస్తారు? తేడా కనబడితే ఆ మిషన్ని ఆపే అధికారం వాళ్ళకుందా? జవాబుల్లేకపోతే టిక్కు పెట్టొద్దు. స్టిక్కర్ డబ్బులైనా మిగుల్తాయి.