తెగవలసినది ఎవరి నాళము?

విస్తరి ముందు కూర్చుండి చింతకాయపచ్చడి ముద్ద నోట పెట్టీ పెట్టకముందే దవడ క్రింద నిమ్మకాయంత వాపు లేచి, పోటెత్తి, గంట రెండు గంటలలో తానే అణగిపోవు బాధను ఎరిగినవారు మన ఇండ్లలో లేకపోలేదు. లాలాజల నాళములో రాయి అడ్డుపడుట దీనికి ముఖ్యహేతువు. ఇట్టి రాళ్లలో నూటికి 80 వరకు దవడ క్రింది గ్రంథియందే పుట్టును. అచ్చటి లాలాజలము చిక్కనిది, 1656లో థామస్ వార్టన్ వర్ణించిన ఆ నాళమో క్రిందినుండి పైకి ఎక్కవలసినది.

పూర్వము రాయి లోతున నున్నచో మెడ కోసి గ్రంథినే తీసివేయుట పరిపాటి. 1990 ప్రాంతమున పారిస్‌లో ఫిలిప్ కాట్జ్, పిమ్మట జెనీవాలో ఫ్రాన్సిస్ మార్షాల్ సన్నని ఎండోస్కోపును నాళములోనికే పంపి, చిన్నరాళ్లను తీగబుట్టతో పట్టి వెలికిదీయు మార్గము చూపిరి. గ్రంథి దక్కును, మెడపై మచ్చ పడదు.

అయితే నాలుక పైకెత్తి చూడుడు. అడుగున నడిమి తంతువున కిరువైపుల చిన్న బుడిపెలు కనబడును. దవడ క్రింద నొక్కినపుడు ఒక్క చుక్క తళుక్కుమను చోటే నాళముఖము, ఇంచుమించు అర మిల్లీమీటరు. దానిని శలాకలతో క్రమముగ వెడల్పు చేసి, 1.3 మిల్లీమీటర్ల గొట్టమును దూర్చి, ఉప్పునీటి ధార వదలినగాని ముడుచుకొన్న నాళము తెరచుకొనదు. ధార మితిమీరిన నోటి అడుగు ఉబ్బును. శలాక ప్రక్కకు పోయిన గోడ చిల్లుపడి దొంగదారి యేర్పడును. బుట్టలో చిక్కిన రాయి నాళముకన్న పెద్దదైనచో బుట్ట రాదు, రాయి వదలదు. తొందరపడి లాగిన వైద్యుని చేతిలోనికి నాళమే ఊడివచ్చును.

జెనీవా శిక్షణలలో ఈ పని నేర్పుటకు పందితలను వాడిరి. పంది నాళము మన నాళమునకు చాల దగ్గర. అచ్చట శిష్యుడు గెలుచుటకంటె ఓడుట ముఖ్యమని నా దృఢాభిప్రాయము. గురువు బుద్ధిపూర్వకముగ పెద్దరాయిని ఉంచి, బుట్ట చిక్కనిచ్చి, శిష్యునిచేత లాగించి, నాళము సాగుట, బిగియుట, తెగుట అను వరుసను వాని వ్రేళ్లకు ఎరిగింపవలెను. పెద్దల ప్రక్క నిలిచి చూచి నేర్చుకొనుట చాలదా యందురు కొందరు. తెరపై రాయి కనబడునే కాని, తెగుటకు ముందటి ఆ బిగువు కనబడదు. కసాయివాని వద్ద దొరకు తలకు ఖర్చెంత? నేర్వని చేతిలో వంగి విరుగు ఎండోస్కోపు ఖర్చెంత? పందిని ముట్టనొల్లనివారికి సిలికోను నమూనాలు చేయింపవచ్చును.

2019లో వచ్చిన వైద్యవిద్యా నిబంధనల నాటినుండి మన ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు స్కిల్స్ ల్యాబులో బొమ్మలపై చేయి తిప్పుకొనిన పిదపనే రోగిని తాకవలెనని కోరుచున్నాము. ఇంత సున్నితమైన పనికి పూనుకొను ఇ.ఎన్.టి. వైద్యునికి అంతకన్న కఠినమైన నియమము విధించుట న్యాయము. చచ్చిన తల నెత్తురోడదు, నొప్పియనదు. కావున పందితల ముగిసిన పిమ్మటను గురువు ప్రక్కన నుండవలసినదే. తొలి రోగులుగా నాళములో కదలాడు 4 మిల్లీమీటర్ల లోపు రాళ్లవారినే ఎన్నుకొని, చెంపగ్రంథి రాళ్లను, లేజరుతో పగులగొట్టవలసిన పెద్దరాళ్లను చేయి కుదిరిన తరువాతనే అప్పగింపవలెను.