వ్రాతబల్లా, భోషాణమూ

ఇంట్లో సర్వరు నడుపుతున్నానని విన్న మిత్రులు రెండు విధాల సలహాలు ఇస్తున్నారు. "ఈ వయసులో మీకీ చాకిరీ ఎందుకు మాస్టారూ, అంతా మేఘంలో పడేయండి, వాళ్ళే చూసుకుంటారు" అనేవారు కొందరు. "ఆ పాత పెట్టెలన్నీ తూకానికి అమ్మేసి మంచిదొకటి కొనండి, అన్నీ దానిలోనే పెట్టుకోండి" అనేవారు మరికొందరు. ఇద్దరూ నా మేలు కోరి చెప్పినవారే. అయినా రెండు సలహాలూ రెండు వేరు వేరు వస్తువులను ఒకటిగా భావించడం వలన పుట్టినవని నా అభిప్రాయం. వ్రాసే యంత్రం వేరు, వ్రాసినది దాచే యంత్రం వేరు. మొదటిది వ్రాతబల్ల, రెండవది భోషాణం. వ్రాతబల్లను కాలానుగుణంగా మార్చుకొనవలసినదే. భోషాణానికి కావలసినది క్రొత్తదనం కాదు, కాపలా.

మా దెందులూరు పేరు ప్రాచీన చరిత్రలో కనబడేది రాగిరేకుల మీద. విష్ణుకుండిన రాజు రెండవ విక్రమేంద్రవర్మ చిక్కుళ్ళ శాసనం లెందులూర వాసకం నుండి వెలువడినది. ఆ లెందులూరే నేటి దెందులూరని పరిశోధకులు గుర్తించారు. ఆరవ శతాబ్ది నాటి రాగిరేకులు నేటికీ చదువుకొనేటట్లున్నాయంటే వినడానికి బాగానే ఉంటుంది. కాని ఆ రేకులు మోసినది ఎంత? ఒక దానం వివరాలు, రాజుగారి వంశవర్ణన. నన్నయగారి భారతాన్ని మోసుకొని వచ్చినది రాగి కాదు, తాటియాకు. ఆయన కాలం నాటి ఆకు ఒక్కటీ మనకు మిగలలేదు. అయినా గ్రంథం మిగిలింది. ఆకు చివికిపోయేలోగా ఎవరో ఒక వ్రాయసకాడు కూర్చొని మరొక కట్టలోనికి ఎక్కించడం వలన అది మిగిలింది. 19వ శతాబ్ది పూర్వార్ధంలో బ్రౌన్ దొర కడపలో పండితులకూ లేఖకులకూ జీతాలిచ్చి చేయించినదీ ఇదే పని. దొరికిన ప్రతులన్నీ తెప్పించడం, సరిపోల్చడం, శుద్ధప్రతి వ్రాయించడం.

హార్డుడిస్కు రాగిరేకు కాదు. తాటియాకే. ఈ మాట పట్టుబడితే సర్వరు నిర్వహణలో సగం విద్య వచ్చినట్లే.

నా భోషాణంలో ఉన్నది చెప్పకపోతే ఇదంతా ఊకదంపుడుగా తోచవచ్చు. ఉద్యోగకాలంలో పిల్లల చేతా వారి తాతల చేతా చెప్పించుకొని కొల్లేటి లంకల మాటలు చీటీల మీద వ్రాసుకొంటూ వచ్చాను. మావు, కిక్కిస, తాటిదోనె మొదలుకొని వలల పేర్లు, గాలుల పేర్లు, నీటి రంగును బట్టి చెప్పే మాటలు, అన్నీ కలిపి నాలుగువేల పైచిలుకు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయపదాలది, చూచిన తరువాత పుట్టిన కోరిక ఇది. చీటీలు కాక, దోనె నడిపే పెద్దల మాటలు నింపిన క్యాసెట్లు నలభై ఉన్నాయి. చెప్పినవారిలో చాలామంది నేడు లేరు. లంకలలోని వారి మనుమలు చేపల చెరువులలో ఏరేటర్ల పేర్లు చెప్పగలరు గాని మావు అల్లిక చెప్పలేరు. కనుక ఈ పెట్టెలోనిది పోతే మళ్ళీ వెళ్ళి అడిగి తెచ్చుకొనేది కాదు.

పరిమాణం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకొంటుంది. నాలుగువేల ఆరోపాలు, ఒక్కొక్కదానికి సగటున అయిదువందల సంకేతాలు అనుకొన్నా మొత్తం 6 మెగాబైట్లు. చేతిఫోనుతో తీసిన ఫోటో ఒకటి అంత ఉంటుంది! స్థలమంతా ధ్వనిది. గంట క్యాసెట్టు కుదించకుండా ఒంటి చానెలులో ఎక్కిస్తే 300 మెగాబైట్లు దాటుతుంది.

ఇక వ్రాతబల్ల సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. మరుసటి యేడాది అక్టోబరు వరకు పొడిగింపు తీసుకొనే వీలున్నా, అది వాయిదాయే. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతాచిప్పు ఉండాలి, ప్రాసెసరు కూడా వారి జాబితాలోనిదై ఉండాలి. ఈ నిబంధనతో ఏ రోగమూ లేని యంత్రాలు ఒక్కమారు వృద్ధులయ్యాయి. నా డెస్కుటాపు 2013 నాటిది. పదవీవిరమణ వయసు ఎవరో నిర్ణయిస్తే శక్తి ఉడిగినట్లు కాదని నాకు వేరే చెప్పనక్కరలేదు. పాత డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించి, 4 జీబీ మెమొరీని 8 చేయించి, డెబియన్ లినక్సు వేసుకొన్నాను. మెమొరీ పలక ఏలూరులో పాతసామాను దుకాణంలో దొరికినదే. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వలన 2025 చివరినుండి మెమొరీ చిప్పుల ధరలు ఎగబాకుతుంటే క్రొత్త పెట్టె కొనమనే సలహా నాకు రుచించలేదు. మదర్‌బోర్డు మీది నాణెపు బ్యాటరీ మార్చి, ప్రాసెసరు మీద ఎండిపోయిన లేపనం తుడిచి క్రొత్తది రాయించాను. అంతే ఖర్చు.

అయితే వ్రాతబల్లను మార్చక తప్పదని నేననడానికి అసలు కారణం మద్దతుల తేదీలు కాదు, మన అక్షరాలు. దంత్యములైన ౘ, ౙ యూనికోడులోనికి 2008లో వచ్చాయి. ౘుక్కాని, ౘాప అని పలుకు తెలిసేటట్లు వ్రాయనిదే మాండలిక పదకోశానికి విలువ ఏమి? నకారపొల్లుకు ప్రత్యేక స్థానం 2021లో వచ్చింది. ఇదిగో: ౝ. ఇది మీ తెర మీద గడిగా కనిపిస్తూంటే తప్పు నా వ్రాతది కాదు, మీ వ్రాతబల్లకు పని పడినదని గ్రహించండి. ఎక్స్‌పీ నాటి గౌతమి ఖతితోనే కాలక్షేపం చేస్తానంటే, మన లిపికి పోరి సాధించిన అక్షరాలు మనమే చూడకుండా పోతాము.

కాని మార్పుతో ఒక తలుపు తెరుచుకొంటే మరొకటి మూసుకొంటుంది. తెలుగులో ఇది మరీ ఎక్కువ. యూనికోడుకు ముందరి మన వ్రాతలు అను, శ్రీలిపి వంటి డీటీపీ ఖతులలో, పేజ్‌మేకరులో ఉన్నాయి. పేజ్‌మేకరు చివరి సంచిక 7.0, 2001 నాటిది. దానికి యూనికోడు తెలియదు. ఆ ఫైళ్ళలో ఉన్నది తెలుగు కాదు, తెలుగు బొమ్మలు. ఖతి తీసేస్తే మిగిలేది రోమను పిచ్చిగీతలు. పత్రికల సొంతఖతుల పుటలను యూనికోడులో చూపిన పద్మ పొడిగింత మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాతతరం పొడిగింతలకు తలుపు మూసింది. విహరిణిని నవీకరించుకొన్నవారికి పద్మ ఆ రోజుతో ముడుచుకొన్నది.

నా చీటీలలో సగం 1998 ప్రాంతంలో డీటీపీ చేయించినవే. అందువలన నా పద్ధతి ఇది. క్రొత్త డెబియన్ లోపల వర్చువల్‌బాక్సు అనే పెట్టెలో ఎక్స్‌పీని, పేజ్‌మేకరును, నాటి ఖతులను యథాతథంగా బ్రతికించి ఉంచాను. దానికి అంతర్జాలం ముఖం చూపించను, కాబట్టి దానికి మద్దతు లేదన్న బెంగ లేదు. అక్కడ పాఠం బయటికి తీసి, పట్టిక ప్రకారం బొమ్మకు అక్షరం చొప్పున మార్చుకొంటున్నాను. ఇందులో వింత ఏమంటే, ఆ ఖతులు కంటికి కనిపించే వరుసలో వ్రాస్తాయి, యూనికోడు పలికే వరుసలో వ్రాస్తుంది. క్రారవడి అక్షరానికి ఎడమప్రక్క నుండి చుట్టుకొని ఉంటుంది గనుక పాత ఫైలులో ముందు క్రారవడి, తరువాత పకారం. యంత్రం అమాయకంగా మార్చితే 'ప్ర' కాస్తా ముందటి అక్షరానికి తగులుకొంటుంది. ఏ వత్తు ఏ హల్లుదో తెలిసినవాడు ప్రక్కన కూర్చొని చూడవలసినదే. వ్యాకరణం చదివినందుకు పదవీవిరమణ తరువాత దొరికిన ఉద్యోగం ఇది! పద్యమైతే కొంత సుఖం. అక్షరం జారితే గణం తప్పుతుంది, యతి చెడుతుంది, దొంగ దొరికిపోతాడు. పదకోశానికి ఆ కాపలా లేదు.

ఆ కాపలాను సర్వరులో లెక్కతో పెట్టుకోవాలి. షా-256 అనే గణితం ఎంత పెద్ద ఫైలుకైనా 64 అంకెల, అక్షరాల ముద్ర వేస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. ప్రతి ఆదివారం ఉదయం నా సర్వరు అన్ని ఫైళ్ళ ముద్రలూ మళ్ళీ వేసి పాతవాటితో సరిచూస్తుంది. నేను మార్చని ఫైలు ముద్ర మారిందంటే డిస్కు చివుకుతున్నదని అర్థం.

సర్వరు అనగానే చల్లని గదులు ఊహించుకోకండి. అది మా అల్లుడు వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాపు. దానికి రెండు డిస్కులు. 15 వాట్లు తింటుంది, అంటే నెలకు సుమారు 11 యూనిట్లు. పాత డెస్కుటాపును 60 వాట్లతో రేయింబవళ్ళు నడిపితే 43 యూనిట్లు అయ్యేవి. ల్యాప్‌టాపుకు సొంత బ్యాటరీ ఉన్నది కదా, యూపీఎస్ దేనికని అడిగారొకరు. నిరంతరం ప్లగ్గులో ఉండే లిథియం బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. అది తీసేసి చిన్న యూపీఎస్ పెట్టడం మేలు. యూపీఎస్ నుండి యూఎస్‌బీ తీగ ఒకటి సర్వరుకు కలిపితే, కరెంటు పోయి బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు సర్వరు తనంతట తాను ఫైళ్ళు మూసుకొని పడుకొంటుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు నాకు నిద్ర పట్టలేదు గాని దానికి పట్టింది.

మా సీమలో సర్వరుకు శత్రువులు హ్యాకర్ల కంటే ముందు తేమ, చీమ, ఊక. కొల్లేటి మీది గాలి వానాకాలంలో గోడలను చెమర్చిస్తుంది. నూర్పిళ్ళ రోజులలో ధాన్యపు దుమ్ము ఫ్యాను రెక్కలకు అట్టకడుతుంది. వెచ్చగా ఉంటుందని చీమలు పవర్‌ సప్లైలో గుడ్లు పెడతాయి. అందుకే నేల మీద కాక గోడకు జానెడు ఎడంగా ఎత్తు పలక మీద పెట్టి, సంక్రాంతి తరువాత ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి విప్పి బ్రష్షుతో దులపడం ఆచారం చేసుకొన్నాను.

రెండు డిస్కులూ ఒకదానికొకటి అద్దంగా పెట్టుకొంటే చాలునని కొందరి నమ్మకం. అద్దంలో బొమ్మ ప్రతి కాదు. ముఖానికి మసి అంటితే అద్దంలోనూ అంటుతుంది. పొరపాటున చెరిపినది రెండింటిలోనూ చెరిగిపోతుంది. నా రెండవ డిస్కుకు రాత్రి ఒకమారు మాత్రమే ప్రతి వెళ్తుంది. ముందటి ముప్పది రాత్రుల స్థితి కూడా నిలిచి ఉంటుంది. మూడవ డిస్కు తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి ఇంట ఉంటుంది. నెలకొకసారి భీమడోలు, పూళ్ళ, కైకరం, చేబ్రోలు దాటుకొంటూ ప్యాసింజరులో ఒకటి తీసుకొనిపోయి అక్కడిది తెచ్చుకొంటాను. తంతితో పంపవచ్చు గాని మనవరాలిని చూడడానికి సాకు కావాలి కదా.

ఇక మేఘం. దానిని నేను నిషేధించడం లేదు. తాళం వేసిన ప్రతి ఒకటి అక్కడా ఉన్నది. కాని అది నాలుగవ ప్రతి. జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. యాహూ గ్రూపుల పాత ఉత్తరాలు తుడిచివేస్తామని 2019లో చెప్పారు, 2020 డిసెంబరులో గ్రూపులే లేకుండా పోయాయి. రచ్చబండలో పెద్దలు వాదించుకొన్న మాటలలో, ఎవరో దించుకొని తమ ఇంట పెట్టుకొన్నవే మిగిలినవి. అందరి ప్రతులకూ ఆశ్రయమైన ఇంటర్నెట్ ఆర్కైవు సయితం 2024 అక్టోబరులో దాడికి గురై కొన్నాళ్ళు తలుపులు మూసుకొన్నది. రెండేళ్ళు ముట్టని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలులో పెట్టింది. మన వరుసలో ముందు కూర్చొని వ్రాసిన పెద్దలలో కొందరు గతించారు. వారి ఖాతాలలోనికి ఎవరు లాగిన్ అవుతారు?

ఈ ప్రశ్న నా భోషాణానికీ వర్తిస్తుంది. సర్వరుకు ఉన్న నిజమైన లోపం చీమలూ కాదు, తుపానులూ కాదు. నడిపేవాడు అరవై దాటిన ఒక్క మనిషి. మేఘాన్ని సమర్థించే మిత్రుల వాదంలో నాకు బలంగా తోచే అంశం ఇదొక్కటే. నేను చేయగలిగినది, వారసునికి విద్య అవసరం లేకుండా చేయడం. డిస్కు ఊడదీసి ఏ కంప్యూటరుకు తగిలించినా తెరుచుకొనేటట్లు పాఠమంతా సాదా టెక్స్టుగా ఉంచాను, ప్రత్యేకమైన ఏ సాఫ్టువేరూ అడగదు. తెరిచే విధం ఒక పుట కాగితం మీద వ్రాసి బీరువాలో పెట్టాను. "తాతయ్యా, పాస్‌వర్డు కాగితం మీద వ్రాయకూడదని మా కాలేజీలో చెప్పారు" అన్నది మనవరాలు. బీరువా తాళంచెవి మీ అమ్మమ్మ దగ్గర ఉంటుంది, దొంగలకూ ఆ సంగతి తెలుసు అన్నాను. క్రిందటి నెల ఆ కాగితం చూచుకొంటూ, నన్ను ఏమీ అడగకుండా, ఆ పిల్ల ఒక క్యాసెట్టు ధ్వని తెరిచి వినగలిగింది. ఆ దోనె తాతగారి మాట తనకు సగం అర్థం కాలేదట. అది వేరే పని.

మార్చవలసిన ఆరోపాలు ఇంకా పన్నెండు వందలు ఉన్నాయి. మీలో ఎవరి దగ్గరైనా ఆ కాలపు డీటీపీ ఫైళ్ళుంటే, ఖతి పేరు వ్యాఖ్యలో తెలపండి. క్రారవడి సర్దుబాటుతో సహా నేను కట్టుకొన్న పట్టిక పంపుతాను. ముందు మాత్రం, ఆ ఫైళ్ళున్న పాత డిస్కుకు ప్రతి తీసి, ఆ తరువాత తెరవండి.