జలపాతానికి హీరోయిన్ ఎవరు?

డ్యూయెట్‌లో జలపాతం వచ్చిందంటే మీరేం చూస్తారు? నిజం చెప్పండి! హీరోయిన్ చీర చూస్తారు. హీరోగారు తుంపరలో తడుస్తూ చేతులు బార్లా చాపడం చూస్తారు. జలపాతాన్ని చూసేవాళ్ళు నూటికి ఒక్కరుంటారేమో! నేనూ ఆ తొంభైతొమ్మిదిమంది జట్టులోవాణ్ణే. పదేళ్ళుగా లొకేషన్ల గురించి రాస్తూ, "ఫలానా పాట ఇక్కడే తీశారు" అని చెప్పి చేతులు దులుపుకున్నవాణ్ణి. ఈ మధ్య ఒక్కరోజులో నా కళ్ళు తెరుచుకున్నాయి. ఎక్కడంటారా? ఐస్‌లాండ్ దీవిలో!

లండన్‌లో ఉంటున్న మా అక్కా బావా మూడు రోజుల ప్రయాణం పెట్టుకుని, చూడ్డానికొచ్చిన నన్ను కూడా లాక్కుపోయారు. దీనికంతటికీ కారణం 2015లో వచ్చిన 'దిల్‌వాలే' హిందీ సినిమా. అందులో షారుఖ్ ఖాన్, కాజోల్‌ల మీద 'గెరువా' పాట తీసింది ఐస్‌లాండ్‌లోనే. మంచుగడ్డలు, నల్ల ఇసుక, విరిగిపడ్డ విమానం... గుర్తొచ్చిందా? ఆ పాట చూసినప్పట్నించీ మా బావకి ఒకటే కోరిక. అక్కని జలపాతం ముందు నిలబెట్టి ఫొటో తీయాలట! పెళ్ళయి పన్నెండేళ్ళయినా హీరోగారి సరదా తగ్గలేదు.

ఆ పాట తీసిన చోట్లన్నీ దక్షిణ తీరం పొడుగునా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒక్కరోజులో తిరిగిరావాలంటే 'గోల్డెన్ సర్కిల్' అనే దారే మేలన్నారు. సరే, పొద్దున్నే రాజధాని రేక్యవిక్‌లో అద్దెకారు ఎక్కాం. హోటల్లో వేడినీళ్ళు కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతున్నాయని అక్క అప్పటికే ముక్కు మూసుకుంటోంది. అది గంధకం వాసన! అక్కడ పదింట తొమ్మిది ఇళ్ళకి వెచ్చదనం భూమిలోంచే వస్తుంది. మనం గీజర్ అని పిలుచుకునే మాట కూడా ఇక్కడ పుట్టిందే. ఆ సంగతి కాసేపట్లో!

మొదటి మజిలీ థింగ్వెట్లిర్. అమెరికా ఖండం ఉన్న భూఫలకమూ, యూరప్ ఉన్న భూఫలకమూ ఇక్కడ ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఒకదానికొకటి దూరం జరుగుతున్నాయి. ఆ చీలికల మధ్య నల్లరాతి గోడల పక్కనుంచి నడిచాం. క్రీ.శ. 930లోనే ఈ దీవి జనం ఇక్కడ చేరి చట్టసభ పెట్టుకున్నారు. "విడాకుల కేసు నడుస్తున్న చోట అసెంబ్లీ పెట్టారన్నమాట!" అన్నాడు బావ. అక్క నవ్వలేదు.

అక్కణ్ణుంచి వేడినీటి బుగ్గల లోయకి వెళ్ళాం. దూరం నించే నేలంతా పొగలు! అసలు 'గీజిర్' అనే పెద్దబుగ్గ ఇక్కడే ఉంది. ప్రపంచంలోని చిమ్మే వేడిబుగ్గలన్నిటికీ, మన స్నానాలగదిలోని గీజర్‌కీ పేరిచ్చిన తల్లి ఇదే. ఇప్పుడు మాత్రం రిటైరైన పాతకాలపు సూపర్‌స్టార్‌లా ఎప్పుడో తప్ప లేవదు. ఒకప్పుడు జనం దాన్ని లేపడానికి సబ్బు పోసేవారట! కాల్‌షీట్లన్నీ ఇప్పుడు పక్కనున్న స్ట్రోకుర్‌వి. ఆరు నుంచి పది నిమిషాలకోసారి చిమ్ముతుంది. ఆ పేరుకి అర్థం మజ్జిగ చిలికే కుండ అని!

ఎలా చిమ్ముతుందో చెప్పనా? మన ప్రెషర్ కుక్కర్ తెలుసుగా! భూమి లోపలి గొట్టంలో అడుగునున్న నీటిని వేడిరాళ్ళు కాగబెడతాయి. పైన నీటి బరువు ఉంటుంది కనక నూరు డిగ్రీలు దాటినా అది మరగలేదు. కాసిని ఆవిరి బుడగలు పైకొచ్చి కొంత నీరు పొర్లిపోగానే బరువు తగ్గుతుంది. అంతే, అడుగునున్న నీరంతా ఒక్కసారిగా ఆవిరై పైకి తంతుంది! మేం చూస్తుండగానే నీలిరంగు బుడగ ఒకటి గాజుబుడ్డిలా ఉబ్బింది. మరుక్షణం పదిహేను ఇరవై మీటర్ల ఎత్తుకి నీళ్ళు! అక్క తెచ్చిన పులిహోర పొట్లం మీద కూడా రెండు చుక్కలు పడ్డాయి. గంధకం పులిహోర తిన్నవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?

అక్కడికి పది కిలోమీటర్లలో గుల్‌ఫాస్. బంగారు జలపాతం అని అర్థం. హ్విటా అనే నది మొదట 11 మీటర్లు, ఆపైన ఇంకో 21 మీటర్లు దూకి ఇరుకు లోయలో మాయమవుతుంది. పక్కవాళ్ళ మాట వినిపించదు. తుంపర్లలో ఇంద్రధనుస్సు. బావ కెమెరా తీశాడు. "ఇదుగో, కొంచెం ఎడంపక్కకి... చున్నీ ఎగరనీ..."

అక్క లేదు! చూస్తే, కాస్త ఎగువన ఒక రాతి ముందు నిలబడి ఉంది. రాతిమీద ఒక ఆడమనిషి ముఖం చెక్కి ఉంది.

ఆవిడ పేరు సిగ్రిదుర్ తోమస్‌దోత్తిర్. తోమస్ కూతురు సిగ్రిదుర్ అని. పక్కనే ఉన్న బ్రాట్‌హోల్ట్ అనే పల్లెలో 1871లో పుట్టిన రైతుబిడ్డ. బడిచదువు లేదు. చూడొచ్చినవాళ్ళకి అక్కచెల్లెళ్ళతో కలిసి దారి చూపించేది. 20వ శతాబ్దం మొదట్లో విదేశీ పెట్టుబడిదారులు ఈ జలపాతం మీద కరెంటు తీద్దామని వచ్చారు. లీజు కూడా సంపాదించారు. ఈవిడ కోర్టుకెక్కింది. కేసు కోసం వంద కిలోమీటర్లు దాటిన దూరం రాజధానికి కాలినడకన వెళ్ళేదనీ, ఒకసారి వట్టికాళ్ళతో వెళితే అరికాళ్ళు రక్తం ఓడాయనీ చెప్పుకుంటారు. పని మొదలుపెడితే ఇందులోనే దూకుతానందట! ఆవిడ తరఫున వాదించిన లాయరు స్వేయిన్ ప్యోర్న్‌సన్. ఆయనే తర్వాత 1944లో ఐస్‌లాండ్ మొదటి అధ్యక్షుడయ్యారు.

క్లైమాక్స్‌లో జడ్జిగారు కళ్ళజోడు తీసి తీర్పు చెప్పేశారనుకుంటున్నారా? లేదండీ. కోర్టులో ఆవిడ గెలవలేదు! కట్టాల్సిన అద్దె కట్టకపోవడంతో 1929లో ఆ లీజు రద్దయింది. ఆవిడ అన్నేళ్ళు అడ్డుపడుతూ ఉండబట్టే నది అప్పటిదాకా నదిగా మిగిలింది. 1957లో ఆవిడ పోయింది. 1979లో జలపాతాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించారు.

బావకి మాత్రం ఇది మింగుడుపడలేదు. "మా నాన్న మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో చేశాడు. అదీ డుడుమ జలపాతం దగ్గరిదే. ఆ జీతంతోనే నేను చదువుకున్నా. కరెంటు పాపమా?" అన్నాడు.

నిజమే! ఈ దేశంలో నేటికీ నూటికి డెబ్భై వంతుల కరెంటు నీటి నుంచే వస్తోంది. నేను సమాధానం వెతుక్కుంటుంటే అక్కే అంది: "కరెంటు పాపమని ఎవరన్నారండీ? అన్నీ ఇచ్చేసి ఒక్కటి అట్టేపెట్టుకుంటే తప్పేమిటి? ఆ ఒక్కటి ఏదో చెప్పడానికి ఒక మనిషి ఉండొద్దూ?"

బావ మాట్లాడలేదు. కెమెరా ఎత్తాడు. జలపాతం ముందు కాదు, ఆ రాతి పక్కన అక్కని నిలబెట్టి తీశాడు. చున్నీ ఎగరలేదు. అక్క నవ్వలేదు. అయినా ఆ ట్రిప్‌లో తీసిన ఫొటోల్లోకెల్లా అదే బాగుంది!

తిరుగుదారిలో ఫ్లూదిర్ ఊళ్ళో 1891 నాటి వేడినీటి కొలనులో మునిగాం. దిగేముందు బట్టల్లేకుండా సబ్బుస్నానం చేసి తీరాలన్నది అక్కడి రూలు. మగవాళ్ళ గదిలో బావ పడ్డ సిగ్గు సెన్సారు వారికి వదిలేస్తాను! రాత్రి పదకొండైనా వెలుతురు తగ్గని జూన్ నెల. మెడదాకా వెచ్చటి నీళ్ళలో కూచుని నేను లెక్కేసుకున్నాను. మన తలకోన జలపాతానికి నాలుగుసార్లు వెళ్ళాను. ఏ పాట ఎక్కడ తీశారో, హీరోయిన్ ఎక్కడ జారిందో అన్నీ రాశాను. ఆ అడవిదారిలో మా ప్లాస్టిక్ సీసాలు ఏరుతున్న గార్డుతో ఒక్క మాటైనా మాట్లాడలేదు.

ఈసారి వెళ్ళినప్పుడు మాట్లాడతాను. ఏం చెప్పాడో మీకు రాస్తాను. ఈలోగా మీరు జలపాతం డ్యూయెట్ చూస్తే హీరోయిన్ వెనక్కి కూడా ఒక్కసారి చూడండి!