ఒక రోజు పిట్టల లెక్క

వేసవి సెలవులు అయిపోవచ్చాయి. చుట్టాలిళ్ళకి వెళ్ళి రావడమూ అయింది, ఆవకాయ జాడీలకి వాసెన కట్టడమూ అయింది. బళ్ళు తెరిచేలోగా ఒక్క రోజు ఇంటిల్లిపాదీ దగ్గర్లోని చెరువుకి వెళ్ళి పిట్టల్ని లెక్కపెట్టి రండి.

"ఈ ఎండల్లో పిట్టలేమిటి?" అంటారేమో. ఇదే మంచి అదను! చెరువు సగం ఎండి, ఉన్న కాస్త నీటి చుట్టూ పిట్టలన్నీ చేరతాయి. చలికాలానికి వచ్చిన వలస బాతులు ఈపాటికి ఉత్తరాదికి వెళ్ళిపోయి ఉంటాయి. మిగిలినవి చాలావరకు ఏడాది పొడుగునా మనతో ఉండేవే. చుట్టాలు వెళ్ళాక ఇంట్లోవాళ్ళ లెక్క చూసుకోవడం లాంటిదన్నమాట.

తెల్లవారి అయిదున్నరకల్లా బయల్దేరండి. ఎండ ముదిరితే పిట్టలు నీడకి చేరతాయి. మీరూ ఏ చెట్టు కిందో చేరి, నాలుగు దాటాక మళ్ళీ మొదలుపెట్టచ్చు. మధ్యాహ్నానికి పులిహోర చేసుకోండి. దద్దోజనమైతే పాలు ఎక్కువ పోసి, తోడుకి రెండు చెంచాల పెరుగు వేసి కలపండి. తినే వేళకి పులవదు. మజ్జిగ, మంచినీళ్ళు మాత్రం ఎక్కువే ఉండాలి.

ఇక లెక్క. నోటుపుస్తకంలో తేదీ, చోటు, మొదలెట్టిన టైము, ముగించిన టైము రాయండి. కనిపించిన ప్రతి రకమూ రాయాలి, కాకీ గోరువంకలతో సహా. పిచ్చుకలు తగ్గాయని అందరం అంటాం. ఒకప్పుడు ఎన్నుండేవో రాసిపెట్టుకున్నవాళ్ళం ఎందరం? కొంగల గుంపు పెద్దదైతే పదింటిని లెక్కపెట్టి, అవి ఎంత మేర ఉన్నాయో చూసి, అలాంటి మేరలు ఎన్నున్నాయో చూడండి. పంక్తి చూసి విస్తళ్ళు అంచనా కట్టడం మనకి కొత్తా ఏమిటి! పేరు తెలీని పిట్టయితే రంగు, ముక్కు, తోక ఎలా ఉన్నాయో రాసుకోండి. ఇంటికొచ్చాక ఫోన్లో ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో ఎక్కిస్తే మీ లెక్క శాస్త్రవేత్తలకీ పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఎండిన చెరువు గట్టున తీతువు అరుస్తూ మీ తల చుట్టూ తిరిగితే, అపశకునమని భయపడకండి. గులకరాళ్ళ మధ్య నేలమీదే దాని గుడ్లుంటాయి, చూడ్డానికి రాళ్ళలాగే ఉంటాయి. పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి ఆ గుడ్లని చల్లబరుచుకునే తల్లి అది. మనం అక్కడే నిలబడితే అది గూటికి రాలేదు, గుడ్లు ఎండకి మాడిపోతాయి. పిల్లల చెయ్యి పట్టుకుని వెంటనే వెనక్కి నడవండి.

చివరగా మీ సంగతి. షికారంటే మనకి క్యారియర్లు సర్దడం, వడ్డించడం, మళ్ళీ సర్దడం. ఈసారి ఆ పని ఆయనకీ పిల్లలకీ పంచేసి, పుస్తకం మీరు పట్టుకోండి. 1931లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసినప్పుడు ఆయన భార్య తెహ్మినా కూడా వెంట ఉన్నారు. మనం ఒక్క రోజు చెరువు గట్టున కూర్చోలేమా?

ఆ పుస్తకం పాత పేపర్లలో కలిపేయకండి సుమా. వచ్చే వేసవికి అదే చెరువు, అదే టైము. రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఎవరొచ్చారో, ఎవరు రాలేదో తెలుస్తుంది.