నిమ్మకాయ సరే, కూలెంట్ సంగతేంటి?

"చలికాలంల ఇంజన్ వేడెక్కుడేంది బావా?"

కొండగట్టు ఘాట్ రోడ్డు మీద, బానెట్ లోంచి ఆవిరి బుసబుసా కొడుతుంటే మా బామ్మర్ది అడిగిన ప్రశ్న ఇది. వాణ్ణి చూసి నవ్వకండి. మనలో నూటికి తొంభై మంది అడిగే ప్రశ్నే. నా గొడవంతా ఆ ప్రశ్న మీదే.

జనవరి నెల. ఆదిలాబాద్ లో తెల్లారుజామున బయల్దేరదామంటే కారు 'టక్ టక్' మని ఊరుకుంది. పక్కింటాయన కారు నుంచి కేబుళ్ళు తగిలిస్తేగానీ స్టార్ట్ అవ్వలేదు. "చలికి బ్యాటరీ పోయింది" అన్నారందరూ. నిర్మల్, జగిత్యాల మీదుగా హైవే మీద బాగానే వచ్చాం. కొండెక్కుతుంటే మాత్రం ముల్లు ఎర్రగీత దాటింది. పక్కన ఆగిన ఓ పెద్దమనిషి సాయానికొచ్చి, రుమాలు చుట్టి రేడియేటర్ మూత తిప్పబోయాడు. అరిచి ఆపాను. ఒత్తిడిలో ఉన్న మరిగే నీళ్ళు మొహమ్మీద చిమ్మితే తోలు ఊడొస్తుంది. ముప్పావుగంట ఆగి, చల్లారాక తీసి చూస్తే లోపల తుప్పునీళ్ళు! కూలెంట్ చుక్క లేదు.

రెండు నెలల కింద సర్వీసింగ్ చేసిన మెకానిక్ కి ఫోన్ చేశా. "కూలెంట్ చలిదేశాలోళ్ళకు సార్. మన ఎండలకు నీళ్ళు సాలు. థర్మోస్టాట్ గూడ తీసేసిన, మనకు అవసరం లేదు" అన్నాడు, ఏదో మేలు చేసినట్టు. ఆయన్ని అనేదేముంది? బిల్లు చదవకుండా డబ్బులిచ్చింది నేనే. ఆఫీసులో ఒక్క వార్నింగ్ వస్తే పది లాగ్ ఫైళ్ళు తిరగేసే నేను, సొంత బండి బానెట్ ఎత్తి ఎన్నాళ్ళయిందో!

సరే, అసలు విషయానికొద్దాం. కూలెంట్ అంటే గడ్డకట్టకుండా పోసే మందు మాత్రమే అనుకుంటాం. అది సగం నిజం. నీళ్ళు, గ్లైకాల్ చెరిసగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, లోపల తుప్పు పట్టనివ్వదు. మన బోరు నీళ్ళు పోస్తే టీ గిన్నెకి పట్టినట్టు రేడియేటర్ గొట్టాలకి తెల్లటి పొర పడుతుంది. హైవే మీద ఎదురుగాలి ఎలాగోలా కాపాడుతుంది. ఘాట్ లో బండి నెమ్మది, ఇంజన్ మీద బరువెక్కువ. అక్కడ బయటపడుతుంది బండారం. ఇక థర్మోస్టాట్ తీసేస్తే చలిపొద్దున ఇంజన్ త్వరగా వేడెక్కదు, ఆయిల్ ఎక్కువ తాగుతుంది.

నిజంగా గడ్డకట్టే చోటయితే ఇంకా ఘోరం. వట్టి నీళ్ళ రేడియేటర్ తో మంచుకాలంలో మనాలి పైకెళ్ళారనుకోండి, రాత్రికి నీళ్ళు గడ్డకడతాయి. గడ్డకట్టిన నీళ్ళు తిరగవు. పొద్దున స్టార్ట్ చేస్తే బయట మంచు, లోపల ఇంజన్ కాలిపోతూ ఉంటుంది! నీళ్ళు మంచైతే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతాయి కాబట్టి ఇంజన్ బ్లాకే పగలొచ్చు. ఇదీ మా బామ్మర్ది ప్రశ్నకి జవాబు.

బ్యాటరీ సంగతీ అంతే. సున్నా డిగ్రీల దగ్గర దాని శక్తి ఐదో వంతు తగ్గుతుంది, మైనస్ 18 దగ్గర దాదాపు సగం. మిన్నియాపోలిస్ లో ఉండే మనవాళ్ళకిది రోజూ ఉండే బాధే. ఆదిలాబాద్ లో ఎంత వణికినా సున్నాకి పైనే కదా, మరి బ్యాటరీ ఎందుకు చచ్చింది? అసలు దాన్ని చంపింది చలి కాదు, మొన్నటి మే నెల ఎండ. వేడికి లోపలి పలకలు పాడవుతాయి, నీళ్ళు ఇంకిపోతాయి. చంపేది ఎండాకాలం, చావుకబురు చెప్పేది చలికాలం. మనం కబురు తెచ్చినవాణ్ణి తిడతాం.

ఇంతటితో అయిపోలేదు. ఇంజన్ చల్లారాక చుట్టూ చేరినవాళ్ళ సలహా వినండి: "దిగేటప్పుడు ఇంజన్ బంద్ చేసి న్యూట్రల్ ల దించున్రి, సల్లవడ్తది, డీజిల్ మిగుల్తది." ఇది వింటే నాకు ఒళ్ళు మండింది. ఇంజన్ ఆపితే బ్రేకుకి వాక్యూమ్ సాయం రెండు మూడు తొక్కుళ్ళకే అయిపోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. న్యూట్రల్ లో గేరు పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. ఇదే ఘాట్ రోడ్డు మీద, 2018 సెప్టెంబర్ 11న, కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చాలామంది చుట్టుపక్కల పల్లెలవాళ్ళే. దానికి ఇంజన్ వేడి కారణమని నేననను. కానీ ఆ మలుపుల్లో నిలబడి "న్యూట్రల్ ల దించు" అని నోరెలా వస్తుందండీ?

మేం రెండో గేరులో, ఇంజన్ ఆన్ లోనే దిగాం.

వాహనపూజ మీద నాకు పేచీ లేదు. 2023 జనవరిలో పవన్ కళ్యాణ్ కూడా తన వారాహిని ఇక్కడికే తెచ్చి పూజ చేయించారు. మేమూ చేయించాం. టైరు కింద నిమ్మకాయ పెట్టేముందు అయిదు నిమిషాలు బానెట్ ఎత్తమంటున్నానంతే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి. మూడు నాలుగేళ్ళ బ్యాటరీ అయితే చలికి ముందే పరీక్ష చేయించండి. "నీళ్ళు సాలు సార్" అన్నవాడితో "నాకు చాలదు" అనండి. ఖర్చు కొన్ని వందలు, పూజ సామాను కంటే పెద్ద ఎక్కువేం కాదు.

అంజన్న సంజీవని కొండనే మోసుకొచ్చాడు, నిజమే. మన రేడియేటర్ లో కూలెంట్ పొయ్యడానికి కూడా ఆయనే రావాలా?